కంప్యూటర్ బుర్రకు కిలోంబావు చల్లదనం!

ప్రాసెసర్ చూస్తే అగ్గిపెట్టెంత. దాని నెత్తిన పెట్టే కూలరేమో రెండు ఇటుకలు జతచేసినంత! బరువు కిలోంబావుకి పైనే. ‘ఇంత చిన్న చిప్పుకి అంత సరంజామానా?’ అని ఇంట్లో పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారంటే వాళ్ల తప్పేం లేదు. పైగా ధర వేలల్లో పలుకుతుంది. మరి కొనాలా, వద్దా? కొంటే ఇంట్లోనే బిగించుకోవచ్చా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు ఏరుకొచ్చి కంప్యూటర్ తయారుచేసుకున్నవాళ్లు మనలో ఎందరో. వాళ్లలో చాలామంది ప్రాసెసర్ డబ్బాలో ఉచితంగా వచ్చిన చిన్న ఫ్యాన్‌తోనే నెట్టుకొచ్చేశారు. ఆ రోజులకది సరిపోయింది. 1993లో వచ్చిన తొలి పెంటియమ్ తినే కరెంటు పదిహేను వాట్లకు అటూఇటూ. 2023లో ఇంటెల్ తెచ్చిన కోర్ ఐ9-14900కె మాత్రం పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు 253 వాట్లదాకా తాగేస్తుంది. పాతకాలపు వంద వాట్ల బల్బుని వెలుగుతుండగా ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసుగా? అలాంటివి రెండున్నర బల్బుల వేడి అగ్గిపెట్టెంత జాగాలో పుడుతుందన్నమాట!

అలాగని ప్రాసెసర్ భగ్గున కాలిపోదు. 95-100 డిగ్రీల దగ్గరకు రాగానే తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. ఎండలో నడిచినవాడు చెట్టుకింద చతికిలబడ్డట్టు! గంటలో అయిపోవాల్సిన వీడియో ఎడిటింగ్ సాగి సాగి నడుస్తుంది. వేలు పోసి కొన్న వేగం కళ్లముందే ఆవిరవుతుంది.

గొట్టాల్లో నీళ్లు!

పెద్ద కూలర్ గొప్పతనమంతా దాని రాగి గొట్టాల్లో ఉంది. చూడ్డానికి గట్టి కడ్డీల్లా ఉంటాయిగానీ లోపల బోలు. అందులో గాలి తీసేసి చాలా కొద్దిగా నీళ్లు పోసి మూతి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ నీళ్లు తక్కువ వేడికే ఆవిరై పైనున్న అల్యూమినియం రేకుల దగ్గరకు పరుగెడతాయి. అక్కడ ఫ్యాన్ గాలికి చల్లబడి మళ్లీ నీళ్లయిపోతాయి. గొట్టం లోపలి గోడకున్న గరుకు పొర, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు ఆ నీటిని పీల్చి కిందికి చేరుస్తుంది. మోటారూ లేదు, చప్పుడూ లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపొందించిన ఈ తరహా గొట్టాలు ఉపగ్రహాల్లోనూ పనిచేస్తున్నాయి.

అయితే ఒక్క మాట. గదిలో గాలికన్నా చల్లగా ప్రాసెసర్‌ని ఉంచడం ఏ గాలి కూలర్ వల్లా కాదు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. జనవరిలో 75 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్న కంప్యూటర్ మన మే నెల మధ్యాహ్నాల్లో 90 దాటిందంటే కారణం అదే. చలిదేశాలవాళ్లు చెప్పే అంకెలు చూసి మురిసిపోకూడదు.

టేపు పట్టాకే డబ్బులు తీయండి

కొనేముందు క్యాబినెట్ వెడల్పు చూసుకోవాలి. 2014లో వచ్చిన ఆస్ట్రియా కంపెనీ నోక్చువా ఎన్‌హెచ్-డి15నే తీసుకుందాం. ఎత్తు 165 మిల్లీమీటర్లు, రెండు ఫ్యాన్లతో కలిపి బరువు 1,320 గ్రాములు. సన్నపాటి క్యాబినెట్‌లో పెడితే పక్క తలుపు పడదు. ముందు ఫ్యాన్ ర్యామ్ మీదకి వస్తుంది కాబట్టి దానికింద 32 మిల్లీమీటర్లకన్నా ఎత్తయిన ర్యామ్ పట్టదు. ఫ్యాన్‌ని పైకి జరపొచ్చుగానీ అప్పుడు మొత్తం ఎత్తు పెరుగుతుంది. మళ్లీ తలుపు గొడవ!

అసలు గండం పాత కూలర్ తీసేటప్పుడే. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి ఉంటుంది. ఏఎమ్‌డీ ఏఎమ్4 రకం ప్రాసెసర్లకైతే అడుగున 1,331 సన్నటి పిన్నులుంటాయి. బలంగా లాగామా, సాకెట్ తాళం వేసున్నా ప్రాసెసర్ కూడా ఊడివచ్చేస్తుంది. పిన్నులు వంగితే వేలకు వేలు గోవిందా! అందుకే ముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు బాగా పనిచేయించి, ఆపేసి, ప్లగ్గు తీసి, పేస్ట్ ఇంకా మెత్తగా ఉండగానే కూలర్‌ని కుడి ఎడమలకు మెల్లగా తిప్పుతూ తీయాలి. ఇంటెల్, ఏఎమ్5 బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. అక్కడ సాకెట్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

మదర్‌బోర్డుని బయటకు తీసి, దాని అట్టపెట్టె మీదే ఉంచి బిగించుకోవడం ఉత్తమం. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. దోసె మీద వెన్నలా దట్టంగా పూయక్కర్లేదు. లోహాల మధ్య కంటికి కనిపించని సందులు పూడ్చడమే దాని పని. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు... కారు చక్రం నట్లు బిగించినట్టే. ఫ్యాన్ గాలి ముందునుంచి వెనక్కి పోవాలి. ఫ్యాన్‌కి ఊచలున్న వైపునుంచే గాలి బయటికొస్తుంది. అది గుర్తుంటే తికమక ఉండదు. రేకుల అంచులతో జాగ్రత్త, వేళ్లు తెగుతాయి. బోర్డుని తిరిగి క్యాబినెట్‌లో పెట్టాక, ఓ మూలనుండే ప్రాసెసర్ కరెంటు తీగ సంగతి చాలామంది మర్చిపోతారు. పెద్ద కూలర్ అడ్డొస్తే చేతివేళ్లు అక్కడికి దూరవు. బోర్డుని లోపలికి దించుతూనే ఆ తీగ తగిలించేయాలి.

మొదటిసారి ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి వేడి ఎంతుందో చూడండి. ఏ పనీ చేయకుండానే నిమిషాల్లో 90 దాటిందా? కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. నవ్వుకోకండి, ఇది ఎక్కువగా జరిగే పొరపాటే!

ఇంతకీ ఇది అందరికీ అవసరమా? పిల్లల చదువులు, సినిమాలు, ఉత్తరాలు టైపు చేసుకోవడం వరకే అయితే డబ్బాలో వచ్చిన ఫ్యాన్ చాలు. దానిమీది దుమ్ముని ఓ బ్రష్‌తో దులిపి చూడండి, సగం బాధ తీరొచ్చు. ‘కె’ అక్షరంతో ముగిసే ఇంటెల్ కోర్ రకాలకు మాత్రం డబ్బాలో ఫ్యాన్ రాదు, విడిగా కొనక తప్పదు.

అబ్బాయి ఆ కంప్యూటర్‌ని హాస్టల్‌కి తీసుకెళ్తానంటే మాత్రం బస్సులో నిలబెట్టి పంపకండి. గోతుల్లో ఎగిరినప్పుడల్లా ఆ కిలోంబావు బరువు బోర్డుని గుంజుతుంది. క్యాబినెట్‌ని పడుకోబెట్టి, కూలర్ నిటారుగా పైకి ఉండేలా చూడండి. దూరప్రయాణమైతే ఊడదీసి విడిగా పంపడమే మంచిది. బిగించే బ్రాకెట్లు, స్క్రూలున్న చిన్న డబ్బా కూడా వెంట ఇవ్వండి. అవి లేకపోతే అక్కడ మళ్లీ బిగించడం కుదరదు.