చిప్పుకు పట్టా రాసుకుంటమంటే పాత కాయితం ఒప్పుకోదు

భూమికి పట్టా ఎట్లనో, కొత్త ఆలోచనకు పేటెంట్ గట్లనే. పట్టాల హద్దులున్నట్టు పేటెంట్‌ల క్లెయిములుంటయి. 'గీడికెల్లి గాడిదాంక నాది' అని రాసుకునుడే క్లెయిము. ముఖ్యమైన షరతు ఒకటుంది: దరఖాస్తు పెట్టేనాటికి గా సంగతి లోకంల యాడ గూడ బయటపడి ఉండొద్దు. నేను కాలేజీల సదువుకున్నోన్ని గాదు, పాత కాయితాలు సదివే నేర్సుకున్న. నాకీ ముచ్చట సాఫుగ సమజైంది ట్రాన్సిస్టర్ కథతోనే.

మీ ఫోన్ చిప్పుల కోట్ల ట్రాన్సిస్టర్లుంటయి. 1947 డిసెంబర్‌ల అమెరికా బెల్ ల్యాబ్స్‌ల జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను నడిపి చూపెట్టిండ్రు. వాళ్ల టీముకు పెద్ద విలియం షాక్లీ. సెమీకండక్టర్‌ల పారే కరెంటును ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తోని పెంచుడు, తగ్గించుడు అనే మూల సూత్రం మీదనే తన పేరుతోని పేటెంట్ కావాలనుకున్నడు. లాయర్లు పాత రికార్డులు తిరగేసిండ్రు. జూలియస్ లిలియన్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త గదే సూత్రం మీద 1925ల కెనడాల, 1926ల అమెరికాల దరఖాస్తు పెట్టిండు. 1930ల అమెరికా పేటెంట్ గూడ వచ్చింది. షాక్లీ ఆశ గాడ్నే ఆగింది.

లిలియన్‌ఫెల్డ్ పరికరం నడిచినట్టు దాఖలా లేదు. ఆయన అమెరికా పేటెంట్‌కు 17 ఏండ్ల గడువు గూడ 1947 జనవరిలనే తీరింది. అయినా అచ్చయిన కాయితం అడ్డం నిలబడ్డది. ఎందుకంటే గడువు తీరినంక గది అందరి సొత్తు, మల్ల ఎవ్వరూ కంచె వేసుకోరాదు.

గట్లని కొత్త పని ఆగలే. బార్డీన్, బ్రాటెన్ తాము నిజంగ చేసిన దాని మీద 1948ల దరఖాస్తు పెట్టిండ్రు, 1950ల పేటెంట్ వచ్చింది. అండ్ల షాక్లీ పేరు లేదు. ఆయన తర్వాత కనిపెట్టిన జంక్షన్ ట్రాన్సిస్టర్‌కు 1951ల వేరే పేటెంట్ దొరికింది. పాత కాయితం ఆపింది కొత్తదాన్ని గాదు, పాతదాన్నే మల్ల సొంతం చేసుకునుడును.

మన దేశంల గూడ గీ తలుపు తెరిచే ఉన్నది. 1970 పేటెంట్ల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు ప్రచురించినంక, పేటెంట్ ఇయ్యకముందు ఎవరైనా రాతపూర్వకంగ అభ్యంతరం చెప్పొచ్చు. ఉత్త పేరు కలిస్తే సాలదు. క్లెయిముల ఉన్న ప్రతి ముక్కా పాత కాయితంల దొరకాలె. లేకుంటే, పాతవి చూసి గా పని తెలిసినోళ్లు సులువుగ చేసేదేనని రుజువు చెయ్యాలె.

ఐటీఐ, ఇంజినీరింగ్ సదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు! పేటెంట్ కాయితాలు ఆన్‌లైన్‌ల పైస ఖర్చు లేకుండ దొరుకుతయి. పేరు చూసి బెదరకుండ్రి, క్లెయిము సదవుండ్రి.