ఇంజెక్షన్ మందుల తయారీలో గాలి శుభ్రత

ఆసుపత్రులలోను, ఔషధశాలలలోను ఫార్మసిస్టులు ఇంజెక్షన్ మందులను కలిపేటప్పుడు గాలిలోని ధూళికణాలు, సూక్ష్మజీవులు వాటిలో చేరకుండా కొన్ని ప్రత్యేక పద్ధతులు పాటిస్తారు. నోటి ద్వారా తీసుకున్న మందులోని సూక్ష్మజీవులలో చాలావాటిని జీర్ణాశయంలోని ఆమ్లం నశింపజేస్తుంది. రక్తనాళంలోనికి గాని, వెన్నులోనికి గాని ఎక్కించే మందుకు ఇటువంటి రక్షణ లేదు. పైగా కలుషితమైన మందు కూడా కంటికి నిర్మలంగానే కనిపించవచ్చు.

గాలి వడపోత

మందు కలిపే బల్లపైకి వచ్చే గాలిని హెపా ఫిల్టరు ద్వారా వడపోస్తారు. ఇది 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాలలో కనీసం 99.97 శాతాన్ని ఆపుతుంది. వడపోసిన గాలి సుడులు తిరగకుండా, సమాంతరమైన పొరలుగా ఒకే దిశలో ప్రవహిస్తుంది. దీనిని లామినార్ ప్రవాహం అంటారు. 1960ల ప్రారంభంలో అమెరికాలోని శాండియా ప్రయోగశాలకు చెందిన విల్లిస్ విట్‌ఫీల్డ్ ఈ సూత్రంపై పనిచేసే శుభ్రగదిని రూపొందించాడు. గదిలో పుట్టే ధూళిని గాలిప్రవాహమే నిరంతరం ఊడ్చివేయడం ఇందులోని విశేషం.

గదుల అమరిక

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మందు కలిపే చోటు 5వ తరగతికి చెందాలి. అనగా ఒక ఘనమీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన కణాలు 3,520 కంటే ఎక్కువ ఉండరాదు. దాని చుట్టూ ఉన్న గదికి 7వ తరగతి ప్రకారం ఈ పరిమితి 3,52,000. లోపలి గదిలో గాలి ఒత్తిడి బయటికంటే ఎక్కువగా ఉంచుతారు. అందువలన తలుపు తెరిచినప్పుడు గాలి లోపలి నుండి బయటకు పోతుందే గాని, బయటి ధూళి లోనికి రాదు. క్యాన్సర్ మందుల వంటి హానికరమైన వాటిని కలిపే గదిలో ఇందుకు భిన్నంగా, సిబ్బంది రక్షణ కొరకు ఒత్తిడిని తక్కువగా ఉంచుతారు.

తొలిగాలి

ఫిల్టరు నుండి వెలువడి, మరే వస్తువును తాకకముందు ఉన్న గాలిని తొలిగాలి అంటారు. సూదిమొన, సీసా రబ్బరు మూత వంటి కీలక భాగాలు ఎల్లప్పుడు తొలిగాలిలోనే ఉండాలి. ఫిల్టరుకు, మూతకు మధ్య చేయి అడ్డు వస్తే, చేతిని తాకిన గాలి మూతపైకి చేరుతుంది. అప్పుడు ఎంత మంచి ఫిల్టరు ఉన్నప్పటికీ ప్రయోజనం ఉండదు. బల్ల అంచు నుండి కనీసం 6 అంగుళాలు లోపలగా పనిచేయడం, వేగంగా చేతులు కదపకుండుట, మూతను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వడం ముఖ్యమైన నియమాలు.

2012 నాటి దుర్ఘటన

2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వలన 20 రాష్ట్రాలలో 750 మందికి పైగా శిలీంధ్ర వ్యాధుల బారినపడ్డారు. వీరిలో 60 మందికి పైగా మరణించారు. ఆ సంస్థ శుభ్రగదులలో బూజు, బాక్టీరియా ఉన్నట్లు దాని సొంత పరీక్షలలోనే తేలింది. అయినా సరిదిద్దినట్లు ఆధారాలు లేవని ప్రభుత్వ తనిఖీదారులు నమోదు చేశారు. గదుల ఎయిర్ కండిషనింగును రాత్రిపూట ఆపివేసేవారని కూడా తనిఖీలో తెలిసింది. దీని ఫలితంగా 2013లో అమెరికా కాంగ్రెసు ఔషధ నాణ్యతపై కొత్త చట్టం చేసింది.

ప్రమాణాలు

అమెరికా ఫార్మకోపియాలోని 797వ అధ్యాయం 2004 నుండి ఈ విషయమై నియమాలను నిర్దేశిస్తున్నది. సవరించిన నియమాలు 2023 నవంబరు 1న అమలులోనికి వచ్చాయి. వీటి ప్రకారం గాలిప్రవాహాన్ని, కణాల సంఖ్యను ఆరునెలలకొకసారి పరీక్షించాలి. పొగను వదలి అది ప్రవహించే తీరును గమనించడం ఈ పరీక్షలలో ఒకటి. కంటికి కనబడని గాలి ఎటు పోతున్నదో ఆ పొగ చూపుతుంది. పరీక్షలో లోపం బయటపడితే కారణాన్ని కనుగొని సరిదిద్దవలసి ఉంటుంది.