నూజివీడు మామిడికి నడిసంద్రంలో చుట్టాలు

మనం తినే మామిడి ఒక్క జాతే. దాని దాయాదులు అరవైకి పైనే ఉన్నాయి. వాటిలో కొన్ని బంగాళాఖాతం ఆవల, అండమాన్ నికోబార్ అడవుల్లో పెరుగుతున్నాయి. అగ్నిపర్వతాలు, భూకంపాలు, మరెక్కడా కనిపించని పక్షుల నడుమ శాస్త్రవేత్తలు అక్కడ చేస్తున్న పరిశోధనతో మన తోటలకు పనేమిటి?

నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం... ఎటు వెళ్లినా మామిడే. ఏ తోటలో ఆగి ఏం రకమని అడిగినా రైతు తడుముకోకుండా చెబుతాడు: బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టర్. అదే చెట్టు మొదలు చూపించి ‘మరి ఈ వేరు ఏ రకానిది?’ అంటే జవాబు దొరకదు. ఎందుకంటే అది అంటు చెట్టు. పైకొమ్మ బంగినపల్లిదే. కింద ఉన్నది మాత్రం ఏదో కుప్పలోంచి ఏరి పాతిన నాటు టెంక మొలక.

పండు రుచి, రంగు, వాసన పైకొమ్మ చూసుకుంటుంది. నీటి ఎద్దడినీ, నేలలోని ఉప్పునూ ఎదుర్కోవాల్సింది వేరు. చెట్టు గుబురుగా పొట్టిగా ఉండాలా, నిచ్చెనకు అందనంత ఎత్తుకు పోవాలా అన్నదీ కొంతవరకు దాని చేతిలోనే ఉంది. పైకొమ్మ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా మనం వేరు మీద పెట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంటు తోట అంటే ఒకే చెట్టును వేలసార్లు నాటడమే. పైకొమ్మల వరకు చూస్తే ఈ ప్రాంతంలోని బంగినపల్లి చెట్లన్నిటి జన్యువులూ దాదాపు ఒకటే. కొత్త తెగులేదైనా ఒక చెట్టును పడగొట్టగలిగితే పక్క చెట్టుకూ అదే గతి. ఇలాంటప్పుడే శాస్త్రవేత్తలు పంటల అడవి చుట్టాలను వెతుక్కుంటూ వెళ్తారు. వరిలో గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకునే గుణం ఒరైజా నివారా అనే అడవి వరి నుంచి వచ్చిందే. మామిడికి అలాంటి చుట్టాలు దీవుల్లో ఉన్నాయి.

ఒక టెంక, ఎన్ని మొక్కలు?

చిన్న రసం టెంకను చీల్చి చూడండి. పీచు కింద గట్టి డొప్ప, అందులో పలచటి పొర, ఆ పొరలో జీడి. పాతితే వచ్చేది ఒక్కటే మొలక. ఏ ఈగ ఏ చెట్టు పుప్పొడి మోసుకొచ్చిందో తెలియదు కాబట్టి ఆ మొలక తల్లిని పోలి ఉంటుందన్న భరోసా లేదు. అందుకే నాటు టెంకలతో వంద వేరు మొక్కలు పెంచితే వందా వంద రకాలుగా ఉంటాయి. ఒకే రోజు నాటి, ఒకే ఎరువు వేసిన రెండు బంగినపల్లి చెట్లలో ఒకటి విరగకాసి, రెండోది ఆకుతోనే సరిపెట్టడానికి ఇదీ ఒక కారణమే.

పడమటి తీరంలోని ఒలూరు, చంద్రకారన్, బప్పకాయ్, కురుక్కన్ వంటి రకాల తీరు వేరు. వాటి టెంకలో జీడి ముక్కలుగా విడిపోయి ఉంటుంది. పాతితే రెండు మూడు మొలకలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వస్తాయి. వాటిలో చాలావరకు తల్లి కణజాలం నుంచి నేరుగా పుట్టినవే కాబట్టి అచ్చంగా తల్లి గుణాలే వస్తాయి. శాస్త్రవేత్తలు వీటిని బహుపిండ రకాలంటారు. ఇలాంటి మొలకలను వేరు మొక్కలుగా వాడితే తోటంతా ఒకే తీరుగా పెరుగుతుంది. ఇజ్రాయెల్ రైతులు ‘13-1’ అనే బహుపిండ వేరు మొక్కతోనే సున్నపు నేలల్లో, ఉప్పు నీళ్లతో మామిడి పండిస్తున్నారు.

అండమాన్‌లోనూ బహుపిండ మామిళ్లున్నాయి. 2004 డిసెంబరు 26 సునామీకి అక్కడి పొలాల్లోకి సముద్రం వచ్చి, నేలలు ఉప్పుదేలాయి. ఉప్పును తట్టుకునే వేరు మొక్కల కోసం వ్యవసాయ శాస్త్రవేత్తలు దీవుల మామిళ్లను పరీక్షించారు. కైకలూరు, బంటుమిల్లి వైపు చౌడు నేలలు చూసినవాళ్లకు ఈ వెతుకులాట విలువ వేరే చెప్పక్కర్లేదు.

అడవిలో దాయాదులు

విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు వెళ్తే పోర్ట్‌బ్లెయిర్. 2024లో పేరు మార్చాక శ్రీవిజయపురం. తెలుగువాళ్లకు పరాయి ఊరేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి.

ఆ ఊళ్లోనే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 1972లో, జువలాజికల్ సర్వే 1977లో ప్రాంతీయ కేంద్రాలు తెరిచాయి. 1978లో వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైంది. ఇప్పుడు దాన్ని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ అంటున్నారు. ఈ దీవుల అడవుల్లో శాస్త్రవేత్తలు నమోదు చేసిన మామిడి దాయాదుల్లో మాంజిఫెరా అండమానికా, కాంప్టోస్పెర్మా, గ్రిఫితీ ఉన్నాయి. అండమానికాకు 1896లో శాస్త్రనామం పెట్టింది కలకత్తా బొటానికల్ గార్డెన్‌ను నడిపిన జార్జ్ కింగ్. బంగినపల్లి పక్కన పెడితే దాని కాయ చాలా చిన్నది, బజారులో అమ్ముకునేది కాదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లేది కాయ కోసం కాదు, వేరు కోసం, జన్యువుల కోసం. ఆస్ట్రేలియాలో మాంజిఫెరా లౌరినా అనే ఇంకో అడవి జాతి పక్షికన్ను తెగులును బాగా తట్టుకుంటుందని గమనించి, మామిడితో సంకరం చేశారు. ఆ దారి మనకూ తెరిచే ఉంది.

కదిలే నేల

ఈ అడవి మామిళ్లు పెరిగే దీవులు సముద్రంలో తేలివచ్చినవి కావు. భారత భూఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి దూరుతున్న చోట, ఆ ఒత్తిడికి పైకి లేచిన కొండల శిఖరాలివి. శ్రీవిజయపురానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యారన్ దీవి మన దేశంలో మండుతున్న ఏకైక అగ్నిపర్వతం. 1787లో అది బద్దలవడాన్ని నావికులు రాసిపెట్టారు. తర్వాత చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్లీ లేచింది. సముద్రం పైన మనకు కనిపించేది 350 మీటర్ల కొండే. దాని అడుగు నీటిలో రెండు వేల మీటర్లకు పైగా లోతున ఉంది.

సునామీకి కారణమైన భూకంపంలో ఈ దీవులు ఎంత కదిలాయో జీపీఎస్ పరికరాలతో కొలిచినవాళ్లలో మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలూ ఉన్నారు. కొన్ని చోట్ల నేల నైరుతి వైపుకు ఆరు మీటర్లకు పైగా జరిగింది. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటిపైకి లేచి, ఎండకు మాడిపోయాయి. దక్షిణాన గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీట మునిగింది. ఈ విపత్తు తర్వాతే 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. మచిలీపట్నం, నిజాంపట్నం మత్స్యకారులకు ఇప్పుడు హెచ్చరికలు అందేది అక్కడి నుంచే.

ఒక్క దీవి, ఒక్క పక్షి

సముద్రం చుట్టూ కాపలా ఉండటంతో దీవుల్లోని ప్రాణులు తమ దారి తాము చూసుకున్నాయి. జువలాజికల్ సర్వే 2018లో లెక్కగట్టింది: ఇక్కడ 11,009 జంతుజాతులు ఉంటే, వాటిలో 1,067 ప్రపంచంలో మరెక్కడా లేవు. దేశ విస్తీర్ణంలో ఈ దీవుల వాటా పావు శాతమే.

నార్కొండం దీవి విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల లోపే. నార్కొండం హార్న్‌బిల్ ప్రపంచం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క చోటే. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, ద్వారం మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది. సన్నటి చీలికలోంచి మగపక్షి రోజూ పండ్లు అందిస్తుంది. ఆ మగపక్షి చనిపోతే గూటిలో ఉన్నవాటి బతుకు కష్టం. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు 2019-20లో వేసిన అంచనా ప్రకారం ఈ హార్న్‌బిల్‌లు సుమారు వెయ్యి ఉన్నాయి. రావి, మర్రి కుటుంబపు చెట్ల పండ్లే వాటి ముఖ్యాహారం. పండ్లు తిని గింజలు వెదజల్లుతూ ఆ అడవిని మళ్లీ నాటేది కూడా అవే.

ఆ దీవిలో పోలీసు ఔట్‌పోస్టు పెట్టినప్పుడు వెంట మేకలొచ్చాయి. మొలకెత్తిన ప్రతి మొక్కనూ మేసేశాయి. పక్షులకు పండ్లిచ్చే చెట్లకు వారసులే లేకుండా పోతారని శాస్త్రవేత్తలు హెచ్చరించాక మేకల్ని తొలగించారు. మనుషులు తెచ్చిన జంతువులు మేకలొక్కటే కాదు. ఇంటర్‌వ్యూ దీవిలో కలప కంపెనీ 1962లో మూతపడి, వదిలేసిన ఏనుగులు అడవి పాలయ్యాయి. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన చుక్కల జింకలు ఇప్పటికీ అండమాన్‌లో లేత మొక్కల్ని తినేస్తున్నాయి. వేటాడే పులి లేని చోట జింక కూడా అడవికి చేటే.

మనమేం చేయాలి?

ఈ అడవులకు ముప్పు మేకలు, జింకల నుంచే కాదు. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 2022లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి, ప్రభుత్వం చెప్పిన లెక్కలోనే 9.64 లక్షల చెట్లు దాని కింద పోనున్నాయి. రేవు అవసరమా కాదా అన్నది వేరే చర్చ. గొడ్డలి పడక ముందే ఆ అడవిలోని పంటల దాయాదుల విత్తనాలు, కొమ్మలు సేకరించి రెండు మూడు చోట్ల పెంచి ఉంచడం మాత్రం చర్చ అక్కర్లేని పని.

నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దీవుల నుంచి తెచ్చిన వేరు మొక్కలపై బంగినపల్లి, చిన్న రసం అంటుకట్టి, మన ఎర్ర నేలల్లో, మన బోరు నీళ్లతో పదేళ్లు చూస్తేగానీ ఏది పనికొస్తుందో తేలదు. మామిడి పరిశోధనలో పదేళ్లు ఎక్కువేమీ కాదు. ఈలోగా నర్సరీలో అంటు కొనే రైతు పైకొమ్మతోపాటు వేరు సంగతీ అడగడం మొదలుపెట్టాలి. అడిగేవాళ్లు పెరిగితే అమ్మేవాళ్లూ మారతారు.

అడవి మామిడి జాతి ఒకసారి అంతరిస్తే ఏ ప్రయోగశాలా దాన్ని తిరిగి తయారుచేయలేదు. తోటల మీద బతికే ఊళ్లు ఆ అడవుల కోసం కూడా నోరు తెరవాలి.