మారిన పేజీ పంపితే చాలు!
భూమి లెక్కల నకలు భద్రంగా ఉంచే పద్ధతి

దెందులూరు: పొలం అమ్మాలన్నా, బ్యాంకులో పంట రుణం కావాలన్నా రైతుకు అడంగల్, 1-బి, ఈ.సి. తప్పనిసరి. వెనుక ఈ గ్రామ లెక్కలు కరణం గారి పెట్టెలో ఉండేవి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1998 నవంబరులో ‘కార్డ్’ పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలోని 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. రోజుల తరబడి తిరిగితే గాని దొరకని ఈ.సి. నిమిషాలలో చేతికందసాగింది. 2015లో ‘మీ భూమి’ వచ్చాక అడంగల్, 1-బి ఇంటి దగ్గరే చూసుకునే వీలు కలిగింది.

అంతా బాగానే ఉంది. మరి ఆ కంప్యూటర్ చెడిపోతే? వరదలో మునిగితే? తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలిసే ఈ ప్రాంతం వారికి ఇది కొత్త భయం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. అసలు, నకలు ఒకే గదిలో ఉంటే రెండూ ఒకే వరదకు పోతాయి. అందుకే నకలు మరో ఊళ్లో ఉండాలి.

చిక్కంతా లైనుతోనే

నకలు దూరం పంపాలంటే లైను కావాలి. సెకనుకు 56 వేల బిట్లు మోసే పాత టెలిఫోన్ లైను మీద వంద కోట్ల బైట్ల లెక్కలు వెళ్లడానికి సుమారు 40 గంటలు పడుతుంది. రోజుకు ఉన్నవి 24 గంటలే! నేటి నకలు చేరేలోగా రేపటి రిజిస్ట్రేషన్లు వచ్చి పడతాయి. నేడు లైన్ల వేగం పెరిగినా, దస్తావేజుల ఫొటోలతో లెక్కల బరువూ పెరిగింది.

దీనికి విరుగుడు ఉంది. మొదట ఒక్కసారి మొత్తం నకలు తీస్తారు. దానిని డిస్కులో పెట్టి బస్సులో పంపినా సరే. ఆ తరువాత ఏ రోజు మారినది ఆ రోజు పంపుతారు. మారినది రెండు కోట్ల బైట్లయితే ఆ పాత లైను మీదే 48 నిమిషాలలో చేరుతుంది. దీనినే ‘ఇంక్రిమెంటల్ బ్యాకప్’ అంటారు.

ఏది మారిందో తెలిసేదెలా? కంప్యూటర్ ప్రతి మార్పునూ చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా పంపితే చాలు. మరో పద్ధతి ‘ఆర్‌సింక్’. దీనిని 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ తయారు చేశారు. రెండు ఊళ్లలో ఉన్న గుమాస్తాలు ఫోనులో పేజీల మొత్తాలు సరిచూసుకుని, తేడా వచ్చిన పేజీ మాత్రమే చదివి వినిపించుకోవడం వంటిదిది.

జాగ్రత్తలు

రోజువారీ నకళ్లు గొలుసు వంటివి. మంగళవారం కొక్కెం తెగితే బుధవారంది అతకదు. కాబట్టి అప్పుడప్పుడు మొత్తం నకలు మళ్లీ తీయాలి. పొరపాటున ఒక సర్వే నెంబరు చెరిగిపోతే నకలులోనూ చెరిగిపోతుంది. అందుకని పాత రోజుల నకళ్లు కూడా దాచాలి. అన్నిటికన్నా ముఖ్యం, నకలు నుంచి లెక్కలు తిరిగి తీసి చూడడం. గ్రామ లెక్కలను ఏటా జమాబందీలో సరిచూసినట్లే నకలుకూ తనిఖీ ఉండాలి. నీరు నిలిపి చూడని గట్టును నమ్మలేం.

రైతులు కూడా ఏడాదికొకసారి తమ 1-బి తీసి చూసుకోవడం మంచిది. పాసు పుస్తకం, దస్తావేజుల జిరాక్సు కాపీలు వేరే ఊళ్లోని బంధువుల ఇంట ఉంచుకుంటే మరీ మంచిది.