సైజు తగ్గాలి... ఒత్తు పోకూడదు!

ఎంజే రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్, కాస్త దూరంలో ఇంటర్ బోర్డు, క్రిమినల్ కోర్టులు... నాంపల్లిలో జిరాక్సు షాపులకు గిరాకీ లేని రోజుండదు. ఏ ఉద్యోగానికైనా దరఖాస్తుకు ఆఖరి తేదీ వచ్చిందంటే అబిడ్స్ దాకా ఒకటే హడావిడి. కౌంటర్ దగ్గర వినిపించే మాట కూడా ఒకటే. 'అన్నా... సైజు కొంచెం తగ్గించవా!'

తగ్గించక తప్పదు మరి. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పరీక్ష రాయాలంటే ఫొటో 20 నుంచి 50 కేబీల లోపు ఉండాలి. సంతకమైతే 10 నుంచి 20 కేబీలే. ఒక్క కేబీ ఎక్కువైనా వెబ్‌సైటు తీసుకోదు. దాంతో తీసుకునేదాకా కోస్తారు. హమ్మయ్య, అప్‌లోడ్ అయింది! కానీ వెబ్‌సైటు చూసేది బరువునే. రేపు దాన్ని తెరిచి చదవాల్సింది మనిషి. మార్కుల మెమోలో హాల్‌టికెట్ నంబరు అలుక్కుపోతే అభ్యర్థి గతేంటి?

అసలు బరువెక్కడ పెరుగుతుందో తెలిస్తే ఎక్కడ కోయాలో తెలుస్తుంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలు. రంగుల్లో అయితే ఒక్కో చుక్కకు మూడు బైట్లు, అంటే 26 ఎంబీలు. గ్రే అయితే అందులో మూడోవంతు. అచ్చమైన నలుపు-తెలుపులో అయితే ఒక్క ఎంబీ చిల్లర. దాన్ని కుదిస్తే వంద కేబీల్లోపే ఇమిడిపోవచ్చు. డీపీఐ 600 చేశారా, అన్నీ నాలుగింతలు! కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది రంగు అవసరమా కాదా అని. టైపు చేసిన ఉత్తరానికి అక్కర్లేదు. రబ్బరు స్టాంపు, వెలిసిన నీలి సిరా ఉన్న కాగితానికి కావాలి. లేదంటే స్టాంపే మాయమవుతుంది.

చాలామంది ఇదంతా వదిలేసి జేపీఈజీ క్వాలిటీని పాతాళానికి తోసేస్తారు. జేపీఈజీ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆననివి పారేస్తుంది. ముఖానికి ఫర్వాలేదు. అక్షరం అంచున మాత్రం మసక కమ్ముతుంది. తెలుగుకైతే మరీ కష్టం. 'ద' కింద చిన్న గీత ఉంటేనే 'ధ', 'బ' కింద ఉంటేనే 'భ'. ఆ గీత పోతే భాస్కరరావుగారు బాస్కరరావు అయిపోతారు!

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునేవాళ్లకు ఈ బాధ ఇంకో రకంగా తెలుసు. మన రాజ్ రెడ్డి చొరవతో 2000ల్లో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుంది. వేలాది తెలుగు పుస్తకాలు కంప్యూటర్లోకెక్కాయి. స్కానింగ్ 600 డీపీఐ... కానీ నలుపు-తెలుపు. అన్ని లక్షల పేజీలు దాచాలంటే అప్పట్లో అదే దారి. అక్షరాలు చక్కగా వచ్చాయి. ఫొటోలు మాత్రం చాలాచోట్ల మసి పూసినట్టయ్యాయి. పుస్తకమే దొరకనివాళ్లకు ఆ మాత్రమైనా అపురూపమే.

మసక అయితే కనీసం కంటికి తెలుస్తుంది. తెలియని ప్రమాదం మరోటుంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఓ ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ కంపెనీ యంత్రంలో స్కాన్ చేస్తే గది కొలతలు మారిపోయాయి. 21.11 ఉండాల్సిన చోట 14.13! సైజు తగ్గించడానికి యంత్రం ఒకేలా కనిపించిన అచ్చు ముక్కలను ఒకటే అనుకుని, ఒకదాని బొమ్మనే రెండోచోటా అతికించింది. అంకెలు శుభ్రంగానే ఉన్నాయి, తప్పుగా ఉన్నాయంతే. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. ఇంటి లింకు డాక్యుమెంట్లో సర్వే నంబరుకు అలా జరిగితే?

అందుకే అలాంటి కాగితాలను ఒక్కసారే 300 డీపీఐలో, రంగుల్లో స్కాన్ చేయించి ఆ ఫైలును కదపకుండా దాచాలి. ఎవరు ఎంత సైజు అడిగినా దాని నుంచే కొత్త కాపీ తీయాలి. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడూ ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపాలి.

షాపులో డబ్బులిచ్చే ముందు తెరమీద పెద్దది చేసి చూడండి. అన్నిటికన్నా చిన్న ఒత్తు, చివరి అంకె కనపడ్డాయా? లేకపోతే వెనకవాళ్లు ఎంత తొందరపెట్టినా మళ్లీ తీయించండి. అన్నట్టు, వచ్చేటప్పుడు ఆ కంప్యూటర్లోంచి మీ ఫైళ్లు తీసేయించడం మర్చిపోకండి. రీసైకిల్ బిన్‌లోంచి కూడా!