మేడారం పాట - మనకు రాని భాష

మా ఊరి రైతుల్లో మేడారం పోనివారు అరుదు. బంగారమని బెల్లం మోశాం, గద్దెలు చూసొచ్చాం. ఆ తల్లుల కథను కోయభాషలో పాడేవారున్నారని మనలో ఎందరికి తెలుసు?

వారు డోలీలు. డోలు వాయిస్తూ, బొమ్మలున్న పడిగె గుడ్డను చూపుతూ, కోయ వంశాల, ఇలవేల్పుల కథలు పాడుతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చాకనే నాబోటివాళ్లకు ఆయన పేరు తెలిసింది!

ఆయన కోయపాట రికార్డు వింటే మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. హాస్టల్లో ఒక కోయ మిత్రుణ్ణి పట్టుకున్నాను. 'ఏరు' అంటే మనకు వాగు, వాళ్లకు నీళ్లట. కోయ, గోండికి దగ్గరి భాష. ఆ రెండూ, తెలుగూ దక్షిణమధ్య ద్రావిడ శాఖలోనివే. మా బోటనీ లెక్కన ఒకే కొమ్మకు వేసిన రెమ్మలన్నమాట.

పాటను రాసుకుంటే మాటలు దక్కుతాయి. డోలు ఎక్కడ ఆగాలి, ఏ బొమ్మ దగ్గర గొంతు లేవాలి అన్నది మాత్రం పక్కన కూర్చుని నేర్వాల్సిందే. రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కాలం చేశారు.

మా మిత్రుడు రెండేండ్లుగా నా పక్క గదిలోనే ఉన్నాడు. నేను అడిగిన ఆ రోజు దాకా అతని నోట కోయమాట ఒక్కటీ వినలేదు.