ఆదోనికి ఏ పాత పాట వేయాలి?

దేశంలోని 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆదోని పేరు ఉంది. అక్కడ స్టేషన్ మొదలైతే పత్తి యార్డుకు వచ్చే రైతుకు, పొరుగున ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చున్న నేతకారుడికి ఏ పాత పాట వినిపించాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఈ పని ఇదివరకు ఎలా జరిగింది, ఇప్పుడెలా జరుగుతోంది?

ఒకప్పుడు తేల్చింది శ్రోతలే. 1952లో, బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించేసింది. జనం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. ఆ ఏడాదే మొదలైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభిప్రాయాలు చూసి వారం వారం పాటలకు వరస కట్టేవారు. సిలోన్ నుంచి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతును పాత తరం ఇప్పటికీ తలచుకుంటుంది. పోయిన శ్రోతలను వెనక్కి రప్పించడానికి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించింది. రాయలసీమకు 1963లో కడప కేంద్రం వచ్చింది.

కోరిన పాటల కార్యక్రమాలకు ఉత్తరాలే ఆధారం. వచ్చిన కార్డులను పాటల వారీగా విడదీసేవారు. ఒకే పాట అడిగిన పది ఊళ్ల పేర్లు ఒకచోట చేరేవి. ఆ తర్వాత లైబ్రరీలో వెతుకులాట. రికార్డు ఉందా? గీతలు పడి ముల్లు ఎగురుతోందా? ఈ మధ్యే వేశామా? పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట మాత్రమే పట్టేది. పాట పొడుగైతే సగం ఒక వైపు, సగం రెండో వైపు. ఇన్ని దాటుకుని వచ్చిన పాటకు ముందు తన పేరు, తన ఊరి పేరు వినబడితే ఆ ఇంట్లో పండగే.

వాణిజ్య రేడియో వేరే దారి పట్టింది. అమెరికాలో పాత పాటల స్టేషన్లు శ్రోతలను ఒక హాల్లో కూర్చోబెట్టి, వందల పాటల్లోంచి బాగా గుర్తుండే ముక్కలను ఒక్కొక్కటి కొన్ని సెకన్ల చొప్పున వినిపించి మార్కులు వేయిస్తాయి. పాట తెలుసా, ఇష్టమా, విని విని విసుగెత్తిందా అన్నవే ప్రశ్నలు. నెగ్గిన కొన్ని వందల పాటలు కంప్యూటరుకు చేరతాయి. ఒకే గాయకుడు వెంటవెంటనే రాకుండా, నెమ్మది పాటలు వరసగా పడకుండా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ప్రకటనదారులు నడివయసు వాళ్లను కోరుకుంటారు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ‘పాత’ అనే గీత ముందుకు జరుగుతుంది. అలా మొదట రాలిపోయేవి యాభైల నాటి పాటలే.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. చానల్ మార్చకుండా జనాన్ని పట్టి ఉంచుతుంది. లోపం కూడా అక్కడే ఉంది. పరీక్షకు పెట్టని పాటకు మార్కులు రావు. మార్కులు లేని పాట గాలిలోకి రాదు. వినపడని పాటను జనం మరిచిపోతారు. హైదరాబాదులో తయారైన జాబితానే ఆదోనికి పంపితే జరిగేది ఇదే.

ఆదోని ప్రాంతం తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసి వినబడే సరిహద్దు సీమ. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ కన్నడంలో రాజ్‌కుమార్‌కు పాటల గొంతయ్యారు. సుశీల, జానకి రెండు భాషల్లోనూ ఇంటి మనుషులే. రఫీ పాట ఇక్కడ పరాయిది కాదు. సీమవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ సినిమాలూ ఉన్నాయి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. అదే ఏడాది ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డిది కడప జిల్లా.

వేళను బట్టి కూడా పాట మారాలి. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు ఎమ్మిగనూరు. నేతకారుడి కళ్లు, చేతులు, కాళ్లు అన్నీ మగ్గం మీదే ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. ఫోన్ తెర చూస్తూ నేయడం కుదరదు కాబట్టి అతనికి రేడియో నిజంగా తోడు. మధ్యాహ్నం మగ్గాల వేళకు తగిన పాటలు ఏవో నగరంలో కూర్చున్నవాళ్లకు తట్టవు. అక్కడికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

రేపు ఆదోనిలో స్టేషన్ పెట్టేవాళ్లు రోజుకు ఒక గంటైనా కంప్యూటరు జాబితాను పక్కనపెట్టి శ్రోతలు కోరిన పాటలు వేయాలి. శ్రోతలు కూడా ఊరుకోకూడదు. పాట, సినిమా, పాడినవాళ్ల పేర్లు, తమ ఊరి పేరు రాసి పంపాలి. ఎఫ్‌ఎం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆకాశవాణికి ఇప్పుడే రాయవచ్చు.